కాక్టస్ లీగ్: మార్చిలో ఫీనిక్స్ పోయే హన్మకొండ అమ్మానాన్నలు చూడొచ్చా?

ముందే తీర్పు చెప్పేస్తే చదివేవాళ్లకు తేలిక. పిల్లలు ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లోనో గిల్బర్ట్‌లోనో ఉండి, మీరు మార్చిలో అక్కడ ఉంటే కాక్టస్ లీగ్ ఆటలు, అంటే అరిజోనాలో జరిగే బేస్‌బాల్ సన్నాహక మ్యాచ్‌లు రెండు చూడండి. ఒకటి మధ్యాహ్నం, ఒకటి రాత్రి. మూడోది బేస్‌బాల్ పిచ్చి పట్టినవాళ్లకే. కేవలం దీనికోసమే వరంగల్ నుంచి విమానం ఎక్కడం మాత్రం డబ్బు దండుగ. ఎటూ పిల్లల దగ్గరికి పోయే ప్రయాణమే కాబట్టి దాన్ని మార్చికి జరుపుకుంటే చాలు.

అమెరికా పెద్ద బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. అసలు సీజన్‌కు ముందు సగం జట్లు ఫ్లోరిడాకు, మిగతా 15 అరిజోనాకు వచ్చి సన్నాహక మ్యాచ్‌లు ఆడతాయి. చికాగో, క్లీవ్‌లాండ్ లాంటి ఊళ్లలో అప్పటికి మంచు కూడా కరగదు, ఇక్కడేమో ఎడారి ఎండ. 1947లో న్యూయార్క్ జెయింట్స్ ఫీనిక్స్‌కు, క్లీవ్‌లాండ్ జట్టు టూసాన్‌కు రావడంతో ఈ అలవాటు మొదలైంది. 2011 నుంచి అన్ని జట్లూ ఫీనిక్స్ చుట్టూనే ఉంటున్నాయి. పది స్టేడియాలు, ఫిబ్రవరి 20 ప్రాంతం నుంచి మార్చి నాలుగో వారం దాకా దాదాపు రోజూ ఆటలు.

ఒక విషయం మనసులో పెట్టుకుని పోవాలి. ఇక్కడ గెలుపోటములు లెక్కలోకి రావు. తొమ్మిది ఇన్నింగ్స్ (ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తాయి) అయ్యాక స్కోరు సమమైతే చాలాసార్లు అంతటితో ఆట ముగిస్తారు. పిచర్, అంటే బంతి విసిరేవాడు, కొత్తగా నేర్చుకున్న బంతిని పరీక్షించుకోవడానికి వస్తాడు. దాన్ని బ్యాటర్ బయటికి బాదినా అతనికి దిగులుండదు. ఒకే జట్టు రెండుగా చీలి ఒకే రోజు రెండు ఊళ్లలో ఆడటం కూడా మామూలే. మన భాషలో చెప్పాలంటే ఇది నెట్ ప్రాక్టీసుకూ మ్యాచ్‌కూ మధ్య రకం. ఆ లెక్కన చూస్తే ఇందులో దొరికేది చాలా ఎక్కువ. అసలు సీజన్‌లో నలభై వేల మంది మధ్య చీమంత కనిపించే ఆటగాడు ఇక్కడ ఇరవై అడుగుల దూరంలో నిలబడి చేతులు విదిలించుకుంటూ కనిపిస్తాడు. ఈ స్టేడియాల్లో పట్టేది పదీ పదిహేను వేల మందే.

క్రికెట్ చూసే అలవాటు వల్ల మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. చివరి ఓవర్లలో కదా మజా అని భోంచేసి, మెల్లగా రెండున్నరకు చేరుకుంటారు. ఈ ఆటలో అంతా తిరగబడి ఉంటుంది. పేరున్న ఆటగాళ్లు మొదట్లో దిగి, రెండు మూడుసార్లు బ్యాటింగ్ చేసి, ఐదో ఇన్నింగ్స్ వచ్చేసరికి స్నానానికి పోతారు. ఆ తరువాత వచ్చేది 70, 80, 90 నంబర్ల చొక్కాలతో చిన్న లీగ్ కుర్రాళ్లు. మధ్యాహ్నం ఆటలు ఎక్కువగా 1:05కో 1:10కో మొదలవుతాయి. పన్నెండుకల్లా గేటు దగ్గరుంటే పెట్టిన డబ్బు దక్కుతుంది. బంతికీ బంతికీ మధ్య సమయం లెక్కపెట్టే పిచ్ క్లాక్ వచ్చాక, అంటే 2023 నుంచి, ఆట రెండున్నర గంటలు అటూ ఇటూగా తేలిపోతోంది. బేస్‌ల మీద (పరుగు తీసేటప్పుడు బ్యాటర్ ఆగే చోట్లు) ఎవరూ లేకపోతే పిచర్‌కు 15 సెకన్లు, ఉంటే 18 సెకన్లు. అంతలోగా బంతి విసరడం మొదలుపెట్టాలి.

డీఆర్ఎస్ తెలిసిన కళ్లకు ఇంకో కొత్త సరదా ఉంది. అంపైర్ చెప్పిన బాల్ (బ్యాటర్‌కు అందని బంతి), స్ట్రైక్ (సరైన చోట పడిన బంతి) మీద ఆటగాడే సవాలు చేయొచ్చు. బ్యాటర్, పిచర్, వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్‌లలో ఒకరు వెంటనే టోపీనో హెల్మెట్‌నో తట్టాలి. పెవిలియన్ వైపు చూసి సలహా అడగకూడదు. జట్టుకు రెండు సవాళ్లు, నెగ్గితే పోవు. 2025 సన్నాహక మ్యాచ్‌ల్లో చాలా మైదానాల్లో పరీక్షించి, 2026 నుంచి అసలు సీజన్‌కూ తెచ్చారు. బంతి గీత తెర మీద వచ్చే ఆ కొద్ది క్షణాల్లో స్టేడియం చేసే గోల మనకు బాగా తెలిసిన గోలే.

ఏ వారం పోవాలి? ఫిబ్రవరి చివర పిచర్లు ఒకటీ రెండు ఇన్నింగ్స్ మించి వేయరు, పెద్ద ఆటగాళ్లు దూరపు మైదానాలకు రారు. టికెట్లు మాత్రం చౌక. మార్చి రెండో, మూడో వారానికి వచ్చేసరికి ప్రధాన పిచర్లు నాలుగైదు ఇన్నింగ్స్ వేస్తారు, ఆటలో బిగువు వస్తుంది. అదే సమయంలో అమెరికా కాలేజీలకు సెలవులు. హోటళ్లు, అద్దె కార్ల ధరలు ఆకాశంలో ఉంటాయి. పిల్లల ఇల్లుంది కాబట్టి మీకు హోటల్ బాధ లేదు. అందుకే మార్చి మధ్యలో సోమవారం నుంచి గురువారం లోపు రోజు చూసుకోవడం మేలు. శని, ఆదివారాలు వదిలేయండి. వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ జరిగే ఏడు అయితే పేరున్నవాళ్లు చాలామంది తమ దేశాల జట్లతో పోతారు. ఆ ఏడు ఎవరిని చూడాలనుకుంటున్నారో వాళ్లు శిబిరంలో ఉన్నారో లేదో ముందే చూసుకోండి.

ప్రయాణం గురించి నాలుగు మాటలు. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరడం దాకా తెలిసిందే. హైదరాబాద్ నుంచి ఫీనిక్స్‌కు నేరుగా విమానం లేదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ హైదరాబాద్–లండన్, లండన్–ఫీనిక్స్ రెండూ నడుపుతుంది. ఆ రెండూ కలిసొచ్చే రోజు దొరికితే ఒక్క మార్పుతో చేరొచ్చు, ఇమిగ్రేషన్ ఫీనిక్స్‌లోనే అవుతుంది. గల్ఫ్ మీదుగా లాస్ ఏంజెలెస్ లాంటి ఊళ్లో దిగితే మామూలుగా అక్కడే ఇమిగ్రేషన్. సామాను తీసుకుని మళ్లీ అప్పగించి ఇంకో విమానం ఎక్కాలి. ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చే అవ్వకు, మోకాళ్ల నొప్పులున్న బాపుకు టికెట్ పదివేలు ఎక్కువైనా మొదటి దారే మంచిది. టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ సాయం అడిగి పెట్టుకోవాలి.

దిగిన మూడో రోజే ఆటకు తీసుకుపోకండి. అరిజోనా గడియారాలు మార్చదు, మనకూ వాళ్లకూ ఏడాది పొడుగునా పన్నెండున్నర గంటల తేడా. మధ్యాహ్నం 1:05 అంటే వరంగల్‌లో అర్ధరాత్రి దాటి 1:35. రెండో ఇన్నింగ్స్‌కే కుర్చీలో కునుకు తీస్తారు. కనీసం వారం ఆగండి. కాలిఫోర్నియా నుంచి కారులో వచ్చే బంధువులకు ఇంకో చిక్కు ఉంది. మార్చి రెండో ఆదివారం కాలిఫోర్నియా తన గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటుంది. అప్పటిదాకా ఫీనిక్స్ సమయం కాలిఫోర్నియా కంటే గంట ముందుంటుంది, ఆ తరువాత ఇద్దరిదీ ఒకటే సమయం. దీన్ని మరిచి మొదటి ఇన్నింగ్స్ పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు.

ఇక స్టేడియాలు. పదీ ఒకే ఊళ్లో ఉన్నట్టు చెప్తారు గానీ తూర్పున మెసాలోని హోహోకమ్ నుంచి వాయవ్యాన సర్‌ప్రైజ్ దాకా దగ్గర దగ్గర 70 కిలోమీటర్లు. వరంగల్ నుంచి కరీంనగర్ పోయినంత. వ్యాలీ మెట్రో రైలు ఉంది గానీ అది ఏ స్టేడియం గేటు ముందూ ఆగదు. కారు తప్పదు. కాబట్టి మొదటిసారి పోయేవాళ్లు జట్టును చూసి కాదు, ఇంటికి దూరం చూసి మైదానం ఎంచుకోవాలి. చాండ్లర్, గిల్బర్ట్, టెంపి వాళ్లకు తూర్పు వైపు ఐదు చాలు.

వాటిలో పెద్దవాళ్లతో పోవడానికి సాల్ట్ రివర్ ఫీల్డ్స్‌కు మొదటి ఓటు. 2011లో తెరిచారు. ఆదివాసీ సమాజం నేల మీద మేజర్ లీగ్ జట్ల కోసం కట్టిన మొదటి శిబిరం ఇది. డైమండ్‌బ్యాక్స్, రాకీస్ రెండు జట్లదీ ఇదే ఇల్లు. దాంతో దాదాపు రోజూ ఏదో ఒక ఆట ఉంటుంది. లూప్ 101 రహదారి పక్కనే కావడంతో దారి తప్పే పని లేదు. నీడ బాగుంటుంది, నడిచే దారులు వెడల్పు, చుట్టూ కొండలు.

మెసాలోని స్లోన్ పార్క్ చికాగో కబ్స్‌ది. పదిహేను వేల మంది పడతారు, ఈ లీగ్‌లో అన్నిటికంటే పెద్దది. జాతర వాతావరణం కావాలంటే ఇక్కడికే పోవాలి. గుంపు, వరసలు, అరుపులు పడనివాళ్లు మాత్రం దూరంగా ఉండాలి. ఒక సుగుణం ఉంది. పక్కనే రివర్‌వ్యూ పార్క్. ఐదో ఇన్నింగ్స్‌కు మనవడు విసిగిపోతే అక్కడికి తీసుకుపోవచ్చు. టికెట్ ధరలు వారాంతంలో మండిపోతాయి.

అదే ఊళ్లోని హోహోకమ్ స్టేడియం అథ్లెటిక్స్‌ది. గుంపు తక్కువ, టికెట్లు తేలిగ్గా దొరుకుతాయి. తక్కువ ఖర్చుతో ఒక ఆట చూసి రావాలంటే దీన్ని మించింది లేదు. పేరు కూడా మనవాళ్లకు నచ్చుతుంది. ఆ ఎడారిలో వందల ఏళ్ల కింద మైళ్ల పొడుగునా కాలువలు తవ్వి పంటలు పండించినవాళ్లను హోహోకమ్ అంటారు. కాకతీయుల చెరువుల కింద పెరిగిన మనకు ఆ పని విలువ ఎవరూ వివరించనక్కర్లేదు.

జెయింట్స్ ఆడే స్కాట్స్‌డేల్ స్టేడియం ఊరి నడిబొడ్డున ఉంది. ఆట అయ్యాక నడుచుకుంటూ ఓల్డ్ టౌన్ తిరగొచ్చు. పార్కింగ్ మాత్రం నరకం. దింపి పోయే ఏర్పాటు ఉంటేనే పోండి. ఏంజెల్స్ ఆడే టెంపి డియాబ్లో పాతది, చిన్నది, 1969 నాటిది. గుట్టల పక్కన ముచ్చటగా ఉంటుంది, కొత్తవాటిలో ఉండే సౌకర్యాలు ఆశించొద్దు.

పడమటి వైపు మిగతా ఐదింటిలో గ్లెండేల్‌లోని క్యామెల్‌బ్యాక్ రాంచ్‌కే గిరాకీ. డాడ్జర్స్, వైట్ సాక్స్ దీన్ని పంచుకుంటాయి. జపాన్ స్టార్ ఆటగాడు ఓతాని 2024లో డాడ్జర్స్‌కు వచ్చినప్పటి నుంచి ఆ జట్టు ఆటలకు టికెట్ దొరకడమే గగనం. మైదానం అందంగా ఉంటుంది, లోపల చెరువు కూడా ఉంది. ఒక చిట్కా: అదే స్టేడియంలో వైట్ సాక్స్ ఆట రోజు పోతే ఆ అందమంతా చాలా తక్కువ ధరకే చూడొచ్చు. పియోరియాలో మారినర్స్, పాడ్రెస్. సర్‌ప్రైజ్‌లో రాయల్స్, రేంజర్స్. గుడ్‌ఇయర్‌లో గార్డియన్స్, రెడ్స్. మేరీవేల్‌లో బ్రూవర్స్. పిల్లల ఇల్లు అటువైపు ఉంటే హాయిగా పోండి. చాండ్లర్ నుంచి సర్‌ప్రైజ్‌కు మధ్యాహ్నం గంటపైనే, సాయంత్రం తిరుగు దారిలో ఇంకా ఎక్కువ.

సీటు సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఆట బాగుందా లేదా అన్నది సగం దీని మీదే తేలుతుంది. మార్చిలో ఫీనిక్స్ పగలు 25, 26 డిగ్రీలు, రాత్రి 12, 13. హన్మకొండలో సంక్రాంతి రోజుల కంటే కాస్త చల్లన. ఆ అంకె చూసి మోసపోకండి. గాలిలో తేమ ఉండదు, చెమట పట్టినట్టే తెలియదు, మబ్బు ఉండదు. రెండు గంటలు నేరుగా ఎండలో కూర్చుంటే ముఖం, మెడ కాలిపోతాయి.

బేస్‌బాల్ నిబంధనల పుస్తకంలోనే ఒక సూచన ఉంది. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి పిచర్ మీదుగా పోయే గీత తూర్పు–ఈశాన్యం వైపు ఉండటం మంచిది అని. మధ్యాహ్నపు ఎండ బ్యాటర్ కళ్లలో పడకుండా చేసిన ఏర్పాటు అది. అన్ని మైదానాలూ ఖచ్చితంగా అలా లేకున్నా ఎక్కువ వాటి పోకడ అటే. దాని ఫలితం ప్రేక్షకుడికి ఇలా ఉంటుంది. హోమ్ ప్లేట్ వెనక, మూడో బేస్ వైపు (బ్యాటర్ వెనక నుంచి చూస్తే ఎడమ వైపు; మొదటి బేస్ కుడి వైపు) కూర్చున్నవాళ్లకు ఎండ వీపు వెనకకు పోతుంది, పైకప్పు నీడ వాళ్ల మీదే ముందు పడుతుంది. మొదటి బేస్ వైపు వాళ్లకు ఎండ ఎక్కువసేపు తగులుతుంది. ఇక అవుట్‌ఫీల్డ్ వెనకుండే పచ్చిక గట్టు, అదే లాన్ మీద కూర్చున్నవాళ్లు చూసేది నైరుతి దిక్కుకు. రెండు నుంచి నాలుగు దాకా సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉంటాడు. లాన్ టికెట్ చౌక ఊరికే కాదు.

ఇంకో విశేషం. కొత్త స్టేడియాలు చాలావరకు గుంతలా తవ్వి కట్టినవి. గేటు లోంచి వచ్చే నడవ, కుర్చీల పై వరస ఒకే ఎత్తులో ఉంటాయి. మెట్లు దిగి మైదానం దగ్గరికి పోవాలి. అంటే డబ్బు ఎక్కువ పెట్టి ముందు వరస కొంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగాలి, నీళ్లకు ఎక్కాలి, బాత్రూంకు ఎక్కాలి, మళ్లీ దిగాలి. హోమ్ ప్లేట్ వెనక, మూడో బేస్ వైపు చివరి రెండు మూడు వరసలు తీసుకుంటే మెట్లు దాదాపు ఉండవు, నీడ ముందు వస్తుంది, ధర కూడా తక్కువ. పెద్దవాళ్లకు అదే రాజా సీటు. స్టేడియం చిన్నది కాబట్టి అక్కణ్నుంచి కూడా ఆటగాడి ముఖం కనిపిస్తుంది.

లాన్ వద్దనడం లేదు. రాత్రి ఆటకు అది చాలా బాగుంటుంది. 6:40 ప్రాంతంలో మొదలయ్యే ఆటకు ఎండ బాధ ఉండదు, పిల్లలు దొర్లి ఆడుకుంటారు. కింద పరుచుకోవడానికి కొత్తవాడ మగ్గం మీద నేసిన చిన్న జంపఖానా ఒకటి సామాన్లో పెట్టుకుపోండి. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన సరుకు. అక్కడి సన్నని ప్లాస్టిక్ చాపల కంటే తడి పచ్చిక మీద బాగా నిలుస్తుంది, మడిస్తే సంచిలో పడుతుంది. రాత్రికి స్వెట్టర్, శాలువా తప్పవు. పొద్దు గూకగానే ఎడారి చల్లబడే వేగం మనకు అలవాటు లేనిది.

టికెట్లు కాగితం మీద రావు. బాల్‌పార్క్ అనే యాప్‌లో వస్తాయి, గేటు దగ్గర ఫోన్ చూపాలి. స్క్రీన్‌షాట్ పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. స్టేడియం దగ్గర వేల ఫోన్లు ఒకేసారి తెరిచేసరికి నెట్ నత్తనడక నడుస్తుంది. అందుకే ఇంటి దగ్గరే టికెట్‌ను ఫోన్ వాలెట్‌లోకి ఎక్కించుకోవాలి. అందరి టికెట్లూ కొడుకో కోడలో ఫోన్‌లోనే ఉంచి, అందరూ కలిసి లోపలికి పోవడం నయం. ఇండియా సిమ్ రోమింగ్‌ను నమ్ముకుని బాపు ఫోన్‌కు పంపితే గేటు దగ్గర అందరికీ చెమట పడుతుంది. ధర రోజును బట్టి, ఎదుటి జట్టును బట్టి మారుతుంది. కబ్స్, డాడ్జర్స్ తప్ప మిగతావాటికి వారం మధ్యలో రెండు మూడు రోజుల ముందు కొన్నా దొరుకుతాయి. కొనేటప్పుడు స్టేడియం పేరు రెండుసార్లు చదవండి. ఫలానా జట్టు ఆట అని చూసి కొంటే అది అవతలి ఊళ్లో ఆడే ఆట కావచ్చు.

సంచి నియమాలు ఒక్కో స్టేడియానికి ఒక్కో రకం. అద్దంలా కనిపించే ప్లాస్టిక్ సంచి అయితే ఎక్కడా పేచీ రాదు. బయటి తిండి కూడా అంతే, కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల లేదు. ఆ స్టేడియం వెబ్‌సైట్ చూసి ఒప్పుకుంటారంటేనే సకినాలు, సర్వపిండి కట్టుకుపోండి. చట్నీ, పెరుగు లాంటివి మాత్రం వద్దు. కొనుక్కునేది కార్డుతోనే, నోట్లు తీసుకోని కౌంటర్లే ఎక్కువ.

తిండి విషయంలో మార్కులు తక్కువే. ఈ ఆటతో పాటు పుట్టినట్టుండే హాట్‌డాగ్‌లో సాధారణంగా గొడ్డు మాంసమో పంది మాంసమో ఉంటుంది. ఆ ప్రాంతపు ప్రత్యేకమైన సోనోరన్ హాట్‌డాగ్‌కు పైన పంది మాంసపు పొర కూడా చుడతారు. బీన్స్ కదా అని శాకాహారం అనుకోకండి. మెక్సికన్ వంటలో బీన్స్‌ను పంది కొవ్వుతో ఉడికించడం ఉంది, అడిగి తీసుకోవాలి. ఆలు ఫ్రైస్ కోడి ముక్కలు వేయించిన నూనెలోనే వేగి ఉండొచ్చు. నిశ్చింతగా తినగలిగేవి పాప్‌కార్న్, ప్రెట్జెల్, పండ్ల ముక్కలు, తొక్కతో వేయించిన పల్లికాయ. తొక్కలు కాళ్ల కిందే పడేయడం అక్కడి ఆచారం, మొహమాటపడొద్దు. కడుపునిండా కావాలంటే ఇంట్లో పదకొండింటికే భోంచేసి పోవడం ఒక్కటే దారి. బాపు బీరు అడిగితే తల నెరిసినా సరే వయసు రుజువు చూపమంటారు. మన డ్రైవింగ్ లైసెన్స్‌ను ఒప్పుకోకపోవచ్చు, పాస్‌పోర్ట్ దగ్గరుండాలి.

ఒంటి జాగ్రత్తలు: మనిషికి కనీసం ఒక లీటరు నీళ్లు, దాహం వేసేదాకా ఆగకుండా గుటక గుటకగా తాగాలి. సీల్ తీయని సీసా అయితే చాలాచోట్ల ఆపరు. పెదవులకు వాజిలీన్, ముఖానికి సన్‌స్క్రీన్ లోపలికి పోకముందే రాసుకుని రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. టోపీ మెడను కాపాడదు. తలకు, మెడకు కలిపి రుమాలు చుట్టుకోవడం మనవాళ్లకు వచ్చిన విద్యే. రక్తపోటు, షుగర్ మందులు జేబులో ఉండాలి, కారులో కాదు. ఎండలో ఆగిన కారు లోపల మందులు పాడవుతాయి.

పిల్లలున్న ఇంటికి చివరి మాట బంతి గురించి. ఈ గాలిలో బంతి దూరం పోతుంది. ఎండకు ఎండిన బంతి బిరుసెక్కి బాగా ఎగురుతుంది, పిచర్ వేళ్లకూ జారుతుంది. డైమండ్‌బ్యాక్స్ తమ ఊరి పెద్ద స్టేడియంలో 2018 నుంచి బంతులను తేమ తగిలే గదిలో దాస్తున్నది అందుకే. కాబట్టి లాన్ మీదికి హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, వస్తూనే ఉంటాయి. బరువు 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి కంటే కాస్త తేలికే గానీ తగిలితే తేలిక కాదు. చిన్నపిల్లను ఒళ్లో పెట్టుకుని ఫోన్ చూస్తూ కూర్చోకండి. ఆటకు ముందు గేట్లు తీయగానే అవుట్‌ఫీల్డ్ గోడ దగ్గరో, ఆటగాళ్లు కూర్చునే అరుగు పక్కనో నిలబడితే సంతకాలు దొరికే అవకాశం ఎక్కువ. దానికి మార్కర్ పెన్ను మీరే తీసుకుపోవాలి. ఇక మన స్టేడియాల్లోలా బంతిని మైదానంలోకి తిరిగి విసిరే పని లేదు. పట్టుకున్నవాళ్లదే బంతి, మనవడి చేతికిచ్చి ఇంటికి తెచ్చుకోండి.